బోటు ఆఖర్న కొనండి: విశాఖలో తిమింగలాల టూరు గురించి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ ఉన్నతాధికారులకు, ఏపీ మారిటైమ్ బోర్డు వారికి, విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను విశాఖ పోర్టులో టగ్గుల మీద, అంటే పెద్ద ఓడల్ని లాగే బోట్ల మీద, ఇంజన్ గదిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగమంతా డాల్ఫిన్ నోస్ కొండ నీడలోనే గడిచింది. మన సముద్రంలో డాల్ఫిన్లనీ, దొరికితే తిమింగలాలనీ చూపించే ఒక మంచి బోటు విశాఖ నుంచి నడవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఆ కోరికతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగేది కూడా ముందే చెప్పేస్తాను: బోటు నడపండి, కానీ బోటు కొనడం ఆఖరి పని చేయండి. దానికంటే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

మన ఊరికి టూరిస్టు వస్తే ఏం చూస్తున్నాడు? ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకుంటాడు. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళొస్తాడు. కైలాసగిరి మీద నుంచి ఫొటోలు దిగుతాడు. మర్నాడు పొద్దున్నే అరకు రైలెక్కుతాడు. సముద్రం చూడ్డానికి వచ్చినవాడు దాన్ని ఒడ్డు మీద నుంచే చూసి వెళ్ళిపోతున్నాడు. 2023 సెప్టెంబరులో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది, సంతోషం. అయితే అది పెద్ద ఓడల్లో దేశాలు తిరిగేవాళ్ళ కోసం. మధురవాడలోనో గాజువాకలోనో ఉండే కుటుంబం పిల్లల్ని తీసుకుని ఒక పూట సముద్రంలోకి వెళ్ళి, అక్కడ బతికే జీవాల్ని చూసి సాయంత్రానికి ఇంటికి చేరే ఏర్పాటు కావాలి.

అందుకు సరిపోయే బోటు హైస్పీడ్ క్యాటమరాన్. అండమాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ దాకా ఎక్కింది ఈ రకం బోటే. నీటిలో తేలే రెండు సన్నటి హల్లులు (బోటు అడుగు భాగాలు), వాటిని కలుపుతూ పైన వెడల్పాటి డెక్కు. హల్లు సన్నగా ఉండడంతో నీటి అడ్డు తగ్గి, అదే ఇంజన్ బలానికి వేగం ఎక్కువొస్తుంది. పాతిక నుంచి ముప్పై నాట్లు, అంటే గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లు, మామూలుగా పోతుంది. హల్లులు రెండూ దూరదూరంగా ఉంటాయి కాబట్టి జనం ఒక పక్కకి చేరినా బోటు అంతగా ఒరగదు. తిమింగలాల టూరులో ఇది చాలా ముఖ్యం. ఎడమ పక్క తోక కనిపించిందని ఒకరు అరిస్తే బోటులో ఉన్న వందమందీ ఒక్కసారిగా అటు పరిగెడతారు.

ఇలాంటి బోట్లు చాలావాటికి ప్రొపెల్లర్ బదులు వాటర్ జెట్ ఉంటుంది. అడుగున ఉన్న తూము గుండా నీటిని లాగి వెనక నుంచి బలంగా చిమ్ముతుంది. బయట తిరిగే రెక్కలు లేవు కాబట్టి జంతువులకి కోత గాయాలు ఉండవు. మన దగ్గర దాంతో ఒక చిక్కుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే ఊళ్ళోని గెడ్డలన్నీ ప్లాస్టిక్కుని మోసుకొచ్చి సముద్రంలో కలుపుతాయి. తెగిన వలముక్కలు ఎలాగూ తేలుతూనే ఉంటాయి. జెట్ తూముకి ఉన్న జాలీలో ఒక సంచో, వలముక్కో అడ్డం పడితే ముందుకి తోసే బలం పడిపోతుంది, ఇంజన్ ఊరికే రేసవుతుంది, ఒక పక్క బలం పోయి బోటు పక్కకి లాగేస్తుంది. టెండర్ కాగితం మీద ఇది కనిపించదు. హార్బర్ నోటి దగ్గర, వెనకాల పెద్ద ఓడ వస్తున్నప్పుడు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. క్యాటమరాన్‌కి ఎదురు కెరటం పెద్దదైతే రెండు హల్లుల మధ్య డెక్కు అడుగున నీళ్ళు దభీమని కొడతాయి. వెనక మూల నుంచి కెరటం వస్తే ఒక హల్లు లేస్తుండగా ఇంకోటి దిగుతుంది, బోటు మెలితిరుగుతున్నట్టు కదులుతుంది. కడుపులో తిప్పడం అక్కడ మొదలవుతుంది. మన సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులతో ఎగసిపడుతూ ఉంటుంది. ఆ తరవాత డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. జనాన్ని ఎక్కించుకుని హాయిగా తిప్పగలిగింది సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఏడాది పొడవునా రోజుకి నాలుగు ట్రిప్పులు అని లెక్కేసుకుని ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు తెస్తే ఆ రిపోర్టు రాసినవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళలేదని అర్థం.

అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బోస్టన్‌లో ఇలాంటి క్యాటమరాన్ ఎక్కాను. అక్కడి అక్వేరియం పక్కనున్న వార్ఫు నుంచి బయల్దేరి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే చోటికి వెళ్తుంది. సముద్రంలో మునిగి ఉన్న మెరక అది. దానిమీద చిన్న చేపలు విపరీతంగా ఉంటాయి, వాటికోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. మనుషులు డెక్కు మీద కెమెరాలు పట్టుకుని నిలబడితే, పాత అలవాటు కొద్దీ నేను వెనక రెయిలింగు దగ్గర చేరి ఇంజన్ చప్పుడు వింటున్నాను. అక్కడికి చేరేదాకా బోటు దూసుకుపోయింది. దూరంగా నీటి ఆవిరి లేచింది. అంతే, కాళ్ళ కింద అదురు మెట్లు మెట్లుగా తగ్గుతూ వచ్చింది. చివరికి జెట్ల మీద ధారని మళ్ళించే బకెట్లనే మూతలు కిందికి దిగి ధార ముందుకి మళ్ళింది, బోటు నిలబడిపోయింది. కెప్టెన్ ఇక దాని వైపు ఒక్క గజం కూడా పోనివ్వలేదు. మేం ఆగిన చోటికి అదే వచ్చింది. బోటు పక్కన ఊపిరి వదిలితే కుళ్ళిన చేపల కంపు ముక్కుకి కొట్టింది. తరవాత నడుము వంచి, తోక పైకెత్తి లోపలికి జారిపోయింది. తోక అడుగున ఉన్న తెలుపు నలుపు మచ్చలు చూసి అది ఏ తిమింగలమో మైకులో చెప్పింది ఒక అమ్మాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండిటికీ ఆ మచ్చలు ఒకలా ఉండవట. ఆ అమ్మాయి ఉద్యోగమే అది. ప్రతి ట్రిప్పులో కనిపించినవాటిని రాసి ఉంచడం, జనానికి వివరించడం. అక్కడ సాల్ట్ అని పేరు పెట్టిన ఒక ఆడ తిమింగలాన్ని 1970ల నుంచీ గుర్తుపడుతూ వస్తున్నారు, దాని పిల్లల లెక్కా ఉంది.

నేను అక్కడ చూసిందాంట్లో మనం తెచ్చుకోవాల్సింది ఆ బోటు కంటే ఆ కెప్టెన్ ఓపిక, ఆ అమ్మాయి పుస్తకం.

ఇక అసలు ప్రశ్న. మన దగ్గర తిమింగలాలు ఉన్నాయా? బంగాళాఖాతంలో ఉన్నాయి. బ్రైడ్స్ తిమింగలాలు, స్పెర్మ్ తిమింగలాలు లోతు నీళ్ళలో తిరుగుతాయి. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళు కదిలివెళ్ళి చూశాయి. 2021 డిసెంబరులో తంతడి బీచ్ దగ్గర వలలో పడి ఒడ్డుకొచ్చిన వేల్ షార్క్‌ని అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. అది తిమింగలం కాదు, చేపల్లోకెల్లా పెద్ద చేప. అయినా దాన్ని చూడ్డానికి ఎంత దూరమైనా వెళ్ళే మనుషులు ప్రపంచంలో ఉన్నారు. డాల్ఫిన్లయితే యారాడ ముందు, రుషికొండ ముందు గుంపులుగా ఈదడం మన జాలరులకి మామూలు దృశ్యం.

ఇంకొక విషయం ఉంది, దీన్ని మీరు తప్పకుండా పట్టించుకోవాలి. విశాఖ ఒడ్డు నుంచి నలభై కిలోమీటర్లకి అటూ ఇటూగా సముద్రపు నేల ఒక్కసారిగా దిగిపోతుంది. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ తూర్పు తీరపు వాలులో లోతైన లోయల్ని గుర్తించి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్. న్యూజీలాండ్‌లో కైకౌరా అనే చిన్న ఊరు ప్రపంచమంతా తెలియడానికి కారణం అక్కడ ఇలాంటి లోయ ఒడ్డుకి బాగా దగ్గరగా రావడమే. ఆ లోతులో మేత వెతుక్కునే స్పెర్మ్ తిమింగలాలు అక్కడ ఏడాది పొడవునా ఉంటాయి. మన లోయల దగ్గర కూడా అలాగే ఉంటాయని నేను అనడం లేదు. వెతకడం మొదలుపెట్టాల్సింది అక్కడ అంటున్నాను.

వేగం అవసరం కూడా అక్కడే. మామూలు మరబోటు ఎనిమిది నాట్ల మీద నలభై కిలోమీటర్లు పోవాలంటే రెండున్నర గంటలు దాటుతుంది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ అంతసేపు కూర్చోబెట్టలేం. క్యాటమరాన్ గంటలోపు తీసుకెళ్తుంది. దూరం తగ్గించుకోవడానికి మాత్రమే ఆ వేగం. జంతువు కనుచూపు మేరలోకి వచ్చాక అదే వేగం దాని ప్రాణం తీస్తుంది.

తిమింగలాన్ని ఓడ ఢీకొన్న కేసుల మీద 2007లో ఒక పరిశోధన వచ్చింది. వేగం పన్నెండు నాట్ల లోపుకి దిగితే దెబ్బ ప్రాణాంతకమయ్యే అవకాశం సగం కంటే తగ్గుతుందని, పదిహేను దాటాక బతకడం చాలా కష్టమని అందులో తేల్చారు. అమెరికాలో 2008 నుంచి, రైట్ అనే జాతి తిమింగలాలు తిరిగే కాలంలో, ఆ ప్రాంతాల్లో 65 అడుగులూ అంతకు మించీ ఉన్న ఓడలు పది నాట్లు దాటకూడదు. బోస్టన్ వైపు టూరు బోట్లకి ఇచ్చిన సూచనలు ఇంకా వివరంగా ఉన్నాయి: తిమింగలానికి రెండు మైళ్ళ దూరం నుంచే 13 నాట్లకి దిగాలి, మైలు లోపల 10, అరమైలు లోపల 7. నేను కాళ్ళ కింద విన్న ఆ మెట్లు ఇవే. మీరు ఇచ్చే లైసెన్సులో ఇలాంటి అంకెలు రాయండి. "జాగ్రత్తగా నడపవలెను" అని రాస్తే సరిపోదు, ఆ మాటకి ఎవరి కొలత వాళ్ళకుంటుంది. బోటు ఎప్పుడు ఎక్కడ ఎంత వేగంతో పోయిందో జీపీఎస్ రికార్డు రోజూ జనానికి కనపడేలా పెట్టండి. తిమింగలాలు, డాల్ఫిన్లు, వేల్ షార్కులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని తరమడం, వేధించడం నేరమేనని ప్రతి బోటు డ్రైవరుకీ తెలిసి ఉండాలి.

అలా లేకపోతే ఏమవుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిశాక మిరిస్సాలో నీలి తిమింగలాల టూర్లు పుంజుకున్నాయి. కొన్నేళ్ళలోనే బోట్లు కిక్కిరిసి, ఒక్క తిమింగలం పైకి వస్తే అన్ని పక్కల నుంచీ చుట్టుముట్టే పరిస్థితి వచ్చింది. అక్కడే పెద్ద ఓడల దారి కూడా ఉంది, ఢీకొని చచ్చిపోయిన తిమింగలాలు ఉన్నాయి. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ తన ఓడల దారిని ఇంకా దక్షిణానికి జరుపుకుంది. మనకి ఇంకా దగ్గర ఒడిశాలోని చిలకా సరస్సు. సాతపడా దగ్గర ఇర్రవాడీ డాల్ఫిన్ల వెంట మోటారు పడవలు పోటీ పడి పరిగెత్తడం అక్కడికి వెళ్ళిన మన శ్రీకాకుళం, విశాఖ జనం చాలామంది చూసే ఉంటారు.

విశాఖలో తిమింగలం కంటే ముందు దెబ్బతినేది తాబేలు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చేది సరిగ్గా సముద్రం ప్రశాంతంగా ఉండే నెలల్లోనే, జనవరి నుంచి మార్చి దాకా. అంటే మీ టూరు సీజనూ, వాటి సీజనూ ఒకటే. అటవీ శాఖవాళ్ళు రాత్రిళ్ళు బీచ్‌ల వెంట తిరిగి గుడ్లు ఏరి హేచరీల్లో పొదిగిస్తున్నారు. పిల్లలు పుట్టాక సముద్రంలోకి వదలడానికి స్కూలు పిల్లల్ని పిలుస్తున్నారు. ఇంకోపక్క వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్ళు ప్రతి సీజన్లో ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. తాబేలు ఊపిరి కోసం పైకొచ్చి నీటి మీద తేలుతుంది. కెరటాల మధ్య దాని డిప్ప అరవై మీటర్ల దూరం నుంచి కనిపించిందనుకుందాం. ముప్పై నాట్ల బోటు సెకనుకి పదిహేను మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో చూడాలి, గుర్తుపట్టాలి, చక్రం తిప్పాలి. ఎంత మంచి డ్రైవరైనా ప్రతిసారీ చేయలేడు. కాబట్టి ఆ నెలల్లో ఒడ్డుకి దగ్గరున్న నీళ్ళలో పది నాట్లకి మించకూడదని, అది ఎంత దూరం దాకా అన్నది అటవీ శాఖ చెప్పినట్టు ఉండాలని ముందే నిర్ణయించండి. ప్రయాణం ఇంకో పావుగంట పెరుగుతుంది. ఆ పావుగంటలో తాబేళ్ళ గురించే చెప్పొచ్చు.

మనుషుల ప్రాణాల గురించి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో బయటపడింది 26 మంది. నది ఐదు లక్షల క్యూసెక్కుల పైన పారుతున్న రోజున ఆ బోటు కదిలింది. దానికి రెండేళ్ళ ముందు, 2017 నవంబరులో, కృష్ణా నదిలో ఫెర్రీ ఘాట్ దగ్గర ఇంకో టూరిస్టు బోటు ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 డిసెంబరు 18న ముంబైలో ఎలిఫెంటా వెళ్తున్న నీల్‌కమల్ ఫెర్రీని, ఇంజన్ పరీక్షలో అదుపు తప్పిన నేవీ స్పీడ్ బోటు ఢీకొని 15 మంది చనిపోయారు. మన హార్బర్ నోట్లోంచి నేవీ ఓడలు, సరుకు ఓడలు, టగ్గులు, సోనా బోట్లనే వేట మరబోట్లు, ఫైబర్ బోట్లు అన్నీ తిరుగుతాయి. అక్కడ ముప్పై నాట్ల బోటు ఒకటి చేరితే దానికి వేరే దారి, వేరే వేళలు, పోర్టు కంట్రోల్‌తో ఎప్పుడూ రేడియో మాట ఉండాలి. నేవీని ముందే కూర్చోబెట్టి మాట్లాడండి, తరవాత వాళ్ళు అడ్డుపడ్డారని అనుకునే పరిస్థితి రాకుండా.

అన్ని జాగ్రత్తలూ ఉన్న చోట కూడా సముద్రం మనల్ని ఆపేస్తుంది. 2014 జూలైలో బోస్టన్ దగ్గర సెటేషియా అనే తిమింగలాల టూరు క్యాటమరాన్, నడిసముద్రంలోని గ్యాస్ టెర్మినల్‌కి చెందిన కేబుల్‌లో చిక్కుకుపోయింది. నూట యాభై మందికి పైగా ప్రయాణికులు రాత్రంతా బోటులోనే గడిపి తెల్లారాక ఒడ్డు చేరారు. అందరూ క్షేమంగా వచ్చారు. బోటు దృఢంగా ఉంది, తీర రక్షణ దళం పక్కనే నిలబడింది. అదే మన దగ్గర ఓడల్ని కట్టే మూరింగ్ తాడుకో, వలకో తగులుకుంటే? మూడు గంటల టూరే కదా అని తాగే నీళ్ళు, దుప్పట్లు, మందులు లేకుండా పంపొద్దు. హైస్పీడ్ బోట్లకి అంతర్జాతీయంగా ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ) కోడ్ ఉంది. ప్రయాణికుల బోటు తలదాచుకునే చోటికి నాలుగు గంటలకి మించి దూరం పోకూడదని అందులో ఉంది. అది మన కాంట్రాక్టులో మొదటి పేజీలో ఉండాలి.

కాంట్రాక్టు మాట వచ్చింది కాబట్టి నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం చెప్తాను. టిక్కెట్ల మీద వాటా అని రాసుకుంటే, గాలి లేచిన రోజున కూడా బోటు కదల్చాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. కెప్టెన్ వద్దంటే ఆ రోజు ఆదాయం పోయినట్టే, అతని ఉద్యోగానికే ఎసరు. కాబట్టి ట్రిప్పు రద్దయిన రోజుకి కూడా సిబ్బంది జీతం, బోటు అద్దె ఆగకుండా ఏర్పాటు చేయండి. వద్దు అన్న కెప్టెన్‌ని ఎవరూ ప్రశ్నించకూడదని ఉత్తర్వులో రాయండి. తిమింగలం కనపడకపోతే ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చండి. కైకౌరాలో ఒక్కటీ కనపడకపోతే టిక్కెట్టులో 80 శాతం వెనక్కి ఇచ్చేస్తారు, బోస్టన్‌లో ఇంకో టిక్కెట్టు ఇస్తారు. అక్కడంటే దాదాపు ప్రతిరోజూ కనిపిస్తాయి. మనం బోర్డు మీద తిమింగలం బొమ్మ వేసి పిలిస్తే, కనపడని రోజున జనం డ్రైవరు మీద పడతారు. డ్రైవరు డాల్ఫిన్ల గుంపు మీదికి బోటు తోలతాడు. ముందు సముద్ర యాత్ర అనండి, డాల్ఫిన్లు అనండి. ఏం కనిపించిందో ఏ నెలలో కనిపించిందో నిజం రాసి పెట్టండి. జనం నిజాన్ని బాగానే అర్థం చేసుకుంటారు.

మన సముద్రంతో తొందరపడి చేసిన పనులు ఏమయ్యాయో మనకి తెలుసు. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళలోకి కొట్టుకొచ్చిన ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ ఓడ మీద రెస్టారెంటు పెడతామన్నారు. అది తుప్పు పట్టిందే తప్ప అక్కడ ఎవరూ కాఫీ తాగలేదు. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో ఫ్లోటింగ్ బ్రిడ్జి ప్రారంభమైన మర్నాడే దాని చివరి భాగం విడిపోయింది. ఆ పార్టీ ఈ పార్టీ అని నేను ఇది రాయడం లేదు. వస్తువు ముందు తెచ్చి, సముద్రాన్ని తరవాత చూసుకుంటే ఇలాగే అవుతుంది.

సముద్రాన్ని ముందు చూసినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా ఓడలు ఇక్కడున్నాయి, సముద్ర చేపల మీద పరిశోధించే సీఎంఎఫ్ఆర్ఐ ప్రాంతీయ కేంద్రం ఉంది, సముద్ర శాస్త్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. వాళ్ళకంటే ఎక్కువసార్లు ఆ లోతు నీళ్ళకి వెళ్ళొచ్చేది జాలారిపేట నుంచి, ఫిషింగ్ హార్బర్ నుంచి సూర (ట్యూనా) చేపల వేటకి పోయే మన మత్స్యకారులు. హార్బర్‌లో జెట్టీ మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని తిమింగలాల గురించి అడిగాను. "అది ఏ జాతో నాకు తెల్దు బాబూ. నీళ్ళు నల్లగా మారిన కాడ కనపడతాయి. ఊపిరి వదిల్తే ఒకదానికి నిటారుగా లేస్తది. ఇంకోదానికి ముందుకి, ఎడం పక్కకి ఒరుగుతది" అని చేత్తో గాల్లో గీసి చూపించాడు. నాకు ఒళ్ళు జలదరించింది. స్పెర్మ్ తిమింగలానికి ముక్కురంధ్రం తల ముందు భాగంలో, ఎడమ వైపు ఉంటుంది. దాని ఊపిరి ముందుకి, ఎడమకి వాలుతుంది. ఏ పుస్తకమూ చదవకుండా ఆయన నాకు చెప్పింది అదే. ఇలాంటి మనుషుల దగ్గర ఏ నెలలో, ఏ నీటిలో, ఏ గాలికి ఏం కనిపిస్తుందో ఒక జీవితకాలం లెక్క ఉంది. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

కైకౌరా గురించి ఇంకొక్క మాట. 1987లో ఆ టూరు మొదలుపెట్టింది బయటి కంపెనీ కాదు. అక్కడి మావోరీ కుటుంబాలు. రైల్వే ఉద్యోగాలు పోయి ఊళ్ళో పని లేని రోజుల్లో, ఇళ్ళు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, ఒక చిన్న గాలి పడవతో మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళకి సొంత క్యాటమరాన్లు ఉన్నాయి. మన మత్స్యకారులు ఇళ్ళు తాకట్టు పెట్టాలని నేను అనడం లేదు. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్ అగ్నిప్రమాదంలో పదుల బోట్లు కాలిపోయినప్పుడు వాళ్ళ బతుకు ఎంత సన్నటి దారం మీద ఉందో అందరం చూశాం. వాళ్ళ సహకార సంఘానికి ఈ బోటులో వాటా ఇవ్వండి. డెక్కు మీద పని, కనిపెట్టే పని, జనానికి చెప్పే పని వాళ్ళ పిల్లలకి నేర్పించి ఇవ్వండి. బోటు బయటివాళ్ళదై, వీళ్ళ వలల మీదుగా రోజూ దూసుకుపోతే మొదటి నెలలోనే గొడవలవుతాయి. వలలు ఎక్కడ వేశారో వాళ్ళకే తెలుసు. బోటు వాళ్ళదైతే ఆ వలలు చూసుకుని నడిపేదీ వాళ్ళే.

ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులకి పని ఉండదు. వచ్చే నిషేధం రోజుల్లో, గాలి అనుకూలించినప్పుడల్లా, కొన్ని బోట్లు అద్దెకి తీసుకోండి. ఒక్కో బోటులో ఒక యూనివర్సిటీ కుర్రాణ్ణో అమ్మాయినో, ఇద్దరు ముగ్గురు జాలరుల్నీ పెట్టి లోతు నీళ్ళ అంచు దాకా పంపండి. కనిపించిన ప్రతి ఊపిరీ, ప్రతి రెక్కా, చోటూ వేళా రాయించండి. వేట మొదలయ్యాక సూర బోట్లవాళ్ళకి ఒక్కో నోటు పుస్తకం ఇచ్చి, నింపి తెచ్చినందుకు డబ్బులివ్వండి. అలా ఒక పూర్తి ఏడాది గడవనివ్వండి. దానికయ్యే ఖర్చు క్యాటమరాన్ ఇంజన్ ఒక్కదాని ధర కూడా కాదు. ఆ ఏడాది ఆఖరికి మీ చేతిలో లెక్క ఉంటుంది: ఎన్ని సీట్ల బోటు, ఎంత వేగం, ఏ నెలలు, ఎంత దూరం, అసలు కొనాలా వద్దా అనేది కూడా. లెక్క వద్దంటే కొనకండి, ఒడ్డు దగ్గర డాల్ఫిన్లకి చిన్న బోట్లు చాలు.

నిషేధం మొదలయ్యే వారంలో ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీదే ఒక సమావేశం పెట్టండి. హోటల్ హాల్లో వద్దు, వాళ్ళు రారు. పోర్టు, నేవీ, అటవీ శాఖ, మత్స్య శాఖ, యూనివర్సిటీ అందర్నీ పిలవండి. మాట్లాడే మొదటి అవకాశం జాలరులకి ఇవ్వండి. ఇంజన్ల గురించి, జెట్ల గురించి ఎవరికైనా ఏదైనా తెలియాలంటే నేను వచ్చి చెప్తాను. నాకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
పోర్టు టగ్గుల ఇంజన్ గది నుంచి రిటైరైన ఒక విశాఖ పౌరుడు,
పెదవాల్తేరు.